చేతులు కడుక్కోమంటే డాక్టర్లే వినలేదు.. బాలింతల ప్రాణాలు కాపాడిన సెమ్మెల్‌వైస్ విషాద గాథ ఇది!

ఇప్పుడు ఏ ఆస్పత్రిలోనైనా కాన్పు చేసే ముందు డాక్టర్లు, నర్సులు శుభ్రంగా చేతులు కడుక్కోవాల్సిందే. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ 1847లో ఇదే మాట చెప్పిన ఓ డాక్టర్ సొంత వృత్తిలోనే ఒంటరి అయిపోయారు. కళ్లెదుట లెక్కలున్నా పెద్ద పెద్ద వైద్యులు ఒప్పుకోలేదు. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. ఇంతకీ ఏం జరిగింది? ఎందుకు వినలేదు?

లా చదవబోయి డాక్టర్ అయ్యారు

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న హంగేరీలోని బుడాలో పుట్టారు. బుడా, పెస్ట్ అప్పట్లో వేర్వేరు ఊళ్లు. తర్వాత అవి కలిసిపోయి బుడాపెస్ట్ అయింది. తండ్రికి కిరాణా వ్యాపారం. లా చదవడానికని 1837లో వియన్నా వెళ్లిన సెమ్మెల్‌వైస్, ఆ మరుసటి ఏడాదే మెడిసిన్‌కి మారిపోయారు. 1844లో డాక్టర్ పట్టా అందుకున్నారు. 1846 జులైలో వియన్నా జనరల్ హాస్పిటల్ ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్ యోహాన్ క్లైన్ కింద అసిస్టెంట్‌గా చేరారు. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది.

ఒకే ఆస్పత్రి.. రెండు వార్డులు

ఆ ఆస్పత్రిలో కాన్పుల వార్డులు రెండు. మొదటి దాంట్లో మెడికల్ స్టూడెంట్లు పని నేర్చుకునేవారు. రెండో దాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేద ఆడవాళ్లే. రోజు మార్చి రోజు ఒక్కో వార్డులో చేర్చుకునేవారు.

తేడా మాత్రం భయంకరంగా ఉండేది. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా చనిపోయారు. రెండో వార్డులో ముగ్గురి లోపే! కాన్పయిన కొద్ది రోజులకే జ్వరం, కడుపునొప్పి మొదలై ప్రాణం పోయేది. అదే సూతికా జ్వరం.. అంటే బాలింత జ్వరం. చాలాసార్లు పుట్టిన బిడ్డా దక్కేది కాదు. పోస్ట్‌మార్టంలో తల్లిలోనూ, బిడ్డలోనూ ఒకే రకం గుర్తులు కనిపించేవి.

ఈ సంగతి ఊరంతా తెలుసు. మొదటి వార్డులో వేయొద్దంటూ గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. కొందరైతే ఆస్పత్రికి రాకముందే దారిలోనే ప్రసవించేవారు. విచిత్రం ఏంటంటే, వాళ్లకు ఈ జ్వరం అంతగా వచ్చేదే కాదు.

గాలి బాగోలేదని అప్పటి పెద్ద డాక్టర్ల మాట. మరి పక్కపక్క వార్డుల్లో గాలి వేరుగా ఉంటుందా? సెమ్మెల్‌వైస్ ఒక్కో కారణాన్నీ పరీక్షించారు. రద్దీ వల్లా? రెండో వార్డులోనే జనం ఎక్కువ. కాన్పు సమయంలో పడుకునే తీరు మార్చి చూశారు. చనిపోతున్నవారి కోసం చర్చి ఫాదర్ గంట మోగించుకుంటూ వస్తుంటే మిగతావాళ్లు భయపడుతున్నారేమోనని ఆ గంటనూ ఆపించారు. దేనివల్లా ఫలితం రాలేదు.

స్నేహితుడి మరణంతో గుట్టు బయటపడింది

1847 మార్చిలో ఆయన మిత్రుడు, ప్రొఫెసర్ యాకోబ్ కొలెచ్కా హఠాత్తుగా చనిపోయారు. పోస్ట్‌మార్టం చేస్తుండగా ఓ స్టూడెంట్ చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. అంతే.. ఒళ్లంతా విషమెక్కింది. ఆయన శవపరీక్ష రిపోర్టు చదివిన సెమ్మెల్‌వైస్ నిర్ఘాంతపోయారు. బాలింతల శరీరాల్లో చూసిన గుర్తులే అందులోనూ ఉన్నాయి!

అప్పుడు లెక్క తేలింది. డాక్టర్లు, స్టూడెంట్లు శవాలు కోసి, అవే చేతులతో వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. మంత్రసానులు శవాల జోలికి వెళ్లరు. తేడా అక్కడే ఉంది. సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోయేది కాదు. వాసన పోనంతవరకు ఆ చెడు పదార్థం కూడా పోనట్టేనని ఆయన అనుకున్నారు. అందుకే 1847 మే మధ్యలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని రూల్ పెట్టారు. ఖర్చు తగ్గించడానికి తర్వాత బ్లీచింగ్ పౌడర్ వాడారు.

ఫలితం వెంటనే కనిపించింది. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్‌కి ఆ సంఖ్య రెండుకు కాస్త పైన ఆగింది. 1848లో రెండు నెలలైతే ఒక్క మరణం కూడా లేదు. మధ్యలో ఓ పాఠం కూడా నేర్చుకున్నారు. గర్భాశయ క్యాన్సర్ ఉన్న ఒక పేషెంట్‌ను చూసి, అవే చేతులతో మిగతావాళ్లను పరీక్షిస్తే 12 మందిలో 11 మంది చనిపోయారు. అంటే ముప్పు శవాల నుంచే కాదు, బతికున్న పేషెంట్ నుంచి కూడా! దాంతో ప్రతి పేషెంట్ తర్వాతా చేతులు కడగాల్సిందేనన్నారు.

మరి ఎందుకు ఒప్పుకోలేదు?

క్రిములే జబ్బులకు కారణమని అప్పటికింకా రుజువు కాలేదు. చేతులకు అంటేది ఏంటో సెమ్మెల్‌వైస్ కూడా చూపించలేకపోయారు. అంతకుమించిన అడ్డంకి మరొకటుంది. ఆయన మాట నిజమైతే, ఇన్నాళ్లూ తల్లులను చంపింది తమ చేతులేనని డాక్టర్లు ఒప్పుకోవాలి. అది ఎవరికీ మింగుడుపడలేదు.

ఇందులో ఆయన పొరపాటూ ఉంది. కనుగొన్నది తానే అయినా, ఏళ్ల తరబడి కాగితం మీద పెట్టలేదు. ఆయన తరఫున మిత్రులు హెబ్రా, స్కోడా రాశారు, మాట్లాడారు. దూరదేశాల్లోని చాలామందికి ఇది శవాల గొడవ మాత్రమేనన్నట్టు చేరింది. 1849లో క్లైన్ ఆయన ఉద్యోగం పొడిగించలేదు. 1850 మేలో ఎట్టకేలకు వియన్నా వైద్యుల సంఘం ముందు ప్రసంగించారు. అక్కడ మద్దతు దొరికినా, ఆ ప్రసంగాన్నీ అచ్చు వేయించలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో టీచింగ్ పోస్ట్ ఇచ్చారు.. కానీ బొమ్మల మీద మాత్రమే పాఠం చెప్పాలని షరతు పెట్టారు. అవమానంగా భావించిన ఆయన మిత్రులకు కూడా చెప్పకుండా పెస్ట్ వెళ్లిపోయారు.

అక్కడ సెయింట్ రోకస్ ఆస్పత్రిలో జీతం లేకుండా పనిచేశారు. 1851 నుంచి 1857 వరకు 933 కాన్పులు జరిగితే సూతికా జ్వరంతో పోయినవారు 8 మందే.

1861లో గానీ ఆయన పుస్తకం రాలేదు. అదే ఏడాది జర్మనీలోని స్పేయర్‌లో జరిగిన వైద్యుల, శాస్త్రవేత్తల సభలో మాట్లాడినవారిలో ఎక్కువమంది ఆయన సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. దాంతో ఆయన సహనం పోయింది. పేరున్న ప్రొఫెసర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. ఉన్న కొద్దిమందీ దూరం జరిగారు.

చివరి రోజులు

1865 నాటికి ఆయన మానసిక స్థితి దెబ్బతింది. జులై చివర్లో వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. రెండు వారాలకే, ఆగస్టు 13న, 47 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గాయం కుళ్లి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. ఏ విషం నుంచి తల్లులను కాపాడారో, అలాంటిదే ఆయన్నూ బలి తీసుకుంది.

సరిగ్గా ముందురోజే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ ఓ బాలుడి గాయానికి కార్బాలిక్ యాసిడ్‌తో కట్టు కట్టారు. క్రిములు లేని సర్జరీకి అది తొలి అడుగు.

1879 మార్చిలో పారిస్ వైద్య అకాడమీ సమావేశంలో సూతికా జ్వరం కారణాలపై ఒకాయన ప్రసంగిస్తున్నారు. లూయీ పాశ్చర్ మధ్యలోనే అడ్డుకున్నారు. జబ్బున్న ఆడమనిషి నుంచి ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషికి క్రిమిని మోసుకెళ్తున్నది డాక్టర్లు, సిబ్బందేనని చెప్పి, బోర్డు మీద ఆ క్రిమి బొమ్మ గీశారు. సెమ్మెల్‌వైస్ చూపించలేకపోయింది అదే. అప్పటికి ఆయన పోయి 13 ఏళ్లు దాటింది.

1969లో బుడాపెస్ట్ మెడికల్ యూనివర్సిటీకి సెమ్మెల్‌వైస్ పేరు పెట్టారు. ఏటా మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రత దినం జరుపుతోంది. తల్లీబిడ్డల ఆరోగ్యంపై వైద్యులు ఎక్కడ సమావేశమైనా ఇన్ఫెక్షన్ల నివారణ గురించి మాట్లాడుకోక తప్పదు. ఎందుకంటే కాన్పు తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లు ఇప్పటికీ ప్రపంచంలో తల్లుల ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. బాలింతను చూడటానికి వెళ్లే చుట్టాలూ బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటే మంచిది.