రౌటర్ డబ్బా మీద పేరున్న మనిషి

ఇంటికి నెట్ పెట్టించుకునేటప్పుడు అందరం అడిగేవి రెండే ప్రశ్నలు. స్పీడెంత, నెలకెంత? ఆ తర్వాత రౌటర్ కొనడానికి వెళ్తే డబ్బా మీద బొమ్మలో ఎన్ని యాంటెన్నాలున్నాయో లెక్కపెట్టి, పెద్ద అంకె రాసి ఉన్నది తెచ్చేసుకుంటాం. తీరా బిగించాక హాల్లో పరుగెత్తే నెట్ పడగ్గదిలో పాకుతుంది. తప్పు కంపెనీదే అని తేల్చేస్తాం.

అదే డబ్బా మీద 2.4 గిగాహెర్ట్జ్ అనీ, 5 గిగాహెర్ట్జ్ అనీ రాసి ఉంటుంది. హెర్ట్జ్ అనేది ఒక మనిషి పేరని ఇంటర్లోనే చదువుకున్నాం, నిర్వచనం రాసి మార్కులూ తెచ్చుకున్నాం. ఆ మనిషి జీవితం చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. రౌటర్ కొనేవాడికి కావలసిన తెలివిలో చాలా భాగం ఆయన 1888లోనే, ఒక చీకటి లెక్చర్ హాల్లో కూర్చుని సంపాదించాడు. అందుకే ఈ సంచికలో ఆయన కథ చెబుతున్నాను. మధ్యమధ్యలో మన ఇళ్ళలోకి కూడా వచ్చి పోతుంటాను.

హైన్రిక్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న హాంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి లాయరు, తర్వాత ఆ నగరానికి సెనేటర్ అయ్యాడు. తండ్రి వైపు వాళ్ళు యూదులు, క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో పని ఉంది. పిల్లవాడికి భాషలు తొందరగా వచ్చేవి, అరబిక్ కూడా నేర్చుకున్నాడు. చేతిపనీ అంతే ఇష్టం. ఆదివారాలు వృత్తి పాఠశాలకి వెళ్ళి డ్రాయింగ్ నేర్చుకునేవాడు, ఇంట్లో వడ్రంగం, లేత్ పని చేసేవాడు. లేత్ నేర్పిన మేస్త్రికి ఎన్నో ఏళ్ళ తర్వాత, మీ శిష్యుడు ప్రొఫెసర్ అయ్యాడని ఎవరో చెబితే, అయ్యో, ఎంత మంచి పనివాణ్ణి పోగొట్టుకున్నామని బాధపడ్డాడట.

మనలో చాలామందికి దగ్గరగా అనిపించే ఘట్టం ఇక్కడే ఉంది. హెర్ట్జ్ మొదట ఎంచుకున్నది ఇంజనీరింగే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడాది ప్రాక్టికల్ పని చేశాడు, డ్రెస్డెన్ పాలిటెక్నిక్‌లో కొన్నాళ్ళు చదివాడు, బెర్లిన్‌లో రైల్వే రెజిమెంట్లో ఏడాది సైనిక సేవ చేశాడు. 1877లో మళ్ళీ ఇంజనీరింగ్ కోసమే మ్యూనిక్ చేరాడు. తీరా చేరాక మనసు ఒప్పుకోలేదు. తనకి కావలసింది భౌతికశాస్త్రమని తేల్చుకుని, బ్రాంచి మార్చుకోనివ్వమని తండ్రికి ఉత్తరం రాశాడు. ఖర్చు పెడుతున్నది తండ్రి, సంపాదన మొదలవడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. అయినా ఆ తండ్రి సరేనన్నాడు.

1878లో బెర్లిన్ వెళ్ళి హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర చేరాడు. ఇరవై మూడో ఏట డాక్టరేట్ వచ్చింది. అప్పటికి మాక్స్‌వెల్ సమీకరణాలు పుస్తకంలో ఉన్నాయి గానీ, విద్యుత్తు తరంగంలా ఖాళీ జాగాలో ప్రయాణిస్తుందని ఎవరూ చేసి చూపించలేదు. ఆ దిశగా బెర్లిన్ అకాడమీ పెట్టిన ఒక పోటీ ప్రశ్నను హెల్మ్‌హోల్ట్జ్ ఈ కుర్రాడి ముందు పెట్టాడు. హెర్ట్జ్ లెక్క వేసి చూసుకున్నాడు. అంత వేగంగా కంపించే కరెంటు తన దగ్గర లేదు, ఎలా పుట్టించాలో తెలియదు. ప్రస్తుతానికి కుదరదని పక్కన పెట్టాడు గానీ మర్చిపోలేదు.

కీల్‌లో కొన్నాళ్ళు పనిచేశాక, 1885లో కార్ల్స్‌రూహె టెక్నికల్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. మరుసటి ఏడు అక్కడే పనిచేసే సహోద్యోగి కూతురు ఎలిజబెత్ డోల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు చివర్లో ల్యాబ్‌లో రెండు చుట్టల తీగలతో క్లాసుకి డెమో సిద్ధం చేస్తుంటే, ఒకదాంట్లో నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా తాకకుండా ఉన్న రెండోదాంట్లో కూడా చిన్న రవ్వ కనిపించింది. ఇంకొకడైతే వదిలేసేవాడే. ఏళ్ళ కిందట తాను లేదనుకున్న వేగం ఇదేనని ఈయన పట్టుకున్నాడు.

పరికరాలు చూస్తే మన ల్యాబ్‌లో అటెండర్ కూడా నవ్వుతాడు. ట్రాన్స్‌మిటర్ అంటే రెండు రాగి తీగలు, మధ్యలో సన్నటి సందు, రవ్వలు పుట్టించడానికి ఇండక్షన్ కాయిల్. రిసీవర్ అంటే చివరలు కలవకుండా వలయంలా వంచిన రాగి తీగ. తరంగం వచ్చి తాకితే ఆ చివరల మధ్య రవ్వ వస్తుంది. ఆ రవ్వ మిల్లీమీటరులో వందో వంతు ఉండేది. కిటికీలు మూసేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి వెతుక్కోవాలి. ఇంకా బాగా కనబడాలని ఒకసారి రిసీవర్‌ని పెట్టెలో మూస్తే రవ్వ ఇంకా తగ్గిపోయింది. ఎందుకని నెలల తరబడి ఆరా తీసి, అతినీలలోహిత కాంతికి రవ్వతో సంబంధం ఉందని 1887లో ప్రచురించాడు. మనం ఫోటో ఎలక్ట్రిక్ ఎఫెక్ట్ అని చదివేది అదే.

అసలు ప్రయోగానికి వద్దాం. హాల్లో ఒక చివర గోడకి 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు జింకు రేకు తాపించాడు. ఎదురుగా ట్రాన్స్‌మిటర్ పెట్టి, వలయాన్ని చేత్తో పట్టుకుని మధ్యలో నడిచాడు. ఒకచోట రవ్వ బాగా వస్తోంది, కొంచెం జరిగితే మాయం, ఇంకొంచెం జరిగితే మళ్ళీ వస్తోంది. వెళ్ళే తరంగం, రేకుకి తగిలి తిరిగొచ్చే తరంగం ఒకచోట కలిసి బలపడుతున్నాయి, ఇంకొకచోట కొట్టేసుకుంటున్నాయి. మైక్రోవేవ్ ల్యాబ్‌లో స్లాటెడ్ లైన్ మీద ప్రోబ్ జరుపుతూ మినిమమ్‌లు నోట్ చేసుకుంటామే, అదే పని ఆయన గదంతా తిరుగుతూ చేశాడు.

మన ఇంట్లో జరిగేదీ ఇదే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది సుమారు 6. గోడలు, బీరువా, ఫ్రిజ్ నుంచి తిరిగొచ్చే తరంగాలతో గదిలో ప్రతి కొన్ని సెంటీమీటర్లకీ ఒక బలమైన చోటు, ఒక బలహీనమైన చోటు ఏర్పడతాయి. అందుకే మంచం మీద ఫోన్ జానెడు జరిపితే ఆగిపోయిన వీడియో కదులుతుంది. ఒకటికి మించి యాంటెన్నాలు పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఒకటి బలహీనమైన చోట పడినా ఇంకొకటి మంచి చోట ఉంటుందని. అంతేగానీ యాంటెన్నాలు ఎక్కువైతే సిగ్నల్ గోడలు పగలగొట్టుకుని పోతుందని కాదు.

1888 చివరికి ఆయన 66 సెంటీమీటర్ల తరంగాన్ని పట్టుకున్నాడు. 2 మీటర్ల జింకు రేకుల్ని అద్దాల్లా వంచి దాన్ని కిరణంలా పంపాడు. చెక్క తలుపు అడ్డం పెడితే దాటిపోయింది, లోహం పెడితే ఆగిపోయింది. చట్రానికి రాగి తీగలు వరసగా బిగించి అడ్డం పెడితే, తీగలు ఒక దిశలో ఉన్నప్పుడు ఆగింది, చట్రాన్ని తొంభై డిగ్రీలు తిప్పితే దాటింది. వందల కిలోల తారుతో పట్టకం పోత పోయించి, కాంతి వంగినట్టే ఇదీ వంగుతుందని చూపించాడు.

ఇవన్నీ మన ఇంటి లెక్కలే. చెక్క తలుపు వెనకాల రౌటర్ ఉంటే పెద్ద నష్టం లేదు. టీవీ వెనకాల, స్టీలు బీరువా పక్కన, ఇనుప మెష్ కొట్టిన కిటికీ లోపల పెడితే మాత్రం జింకు రేకు మనమే తాపించుకున్నట్టు. రౌటర్ యాంటెన్నాలన్నీ ఒకే దిశలో నిలబెట్టకుండా ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టమనడం ఆ తీగల చట్రం నేర్పిన పాఠమే.

ఇంతటి మనిషికీ ఒక లెక్క తేడా వచ్చింది. గాలిలో తరంగ వేగం, తీగలో వేగం సమానంగా రావాలి, ఆయన కొలతల్లో రాలేదు. ఎన్నిసార్లు చూసుకున్నా రాలేదు. 1893లో జెనీవాలో ఇద్దరు శాస్త్రవేత్తలు చాలా పెద్ద హాల్లో, ఇంకా పెద్ద రేకుతో అదే ప్రయోగం చేస్తే రెండూ సమానంగా వచ్చాయి. పరికరం మంచిదే, తేడా కార్ల్స్‌రూహె గదిది. తరంగానికి ఆ గది చిన్నది, పైగా లోపల ఇనుప స్తంభాలు. ఆయన జీవితంలో నన్ను బాగా పట్టుకున్నది ఇదే. డబ్బా ఎంత గొప్పదైనా తీర్పు చెప్పేది గదే.

మరి మోడెమ్ మాటేమిటి? దానికీ ఆయన కథలో చోటుంది. 1889లో మ్యూనిక్ నుంచి ఒక ఇంజనీరు, ఈ తరంగాలతో టెలిఫోన్ మాటలు పంపొచ్చా అని ఉత్తరం రాశాడు. కుదరదని హెర్ట్జ్ జవాబిచ్చాడు. సెకనుకి వెయ్యి కంపనాలుండే మాటని తరంగంగా చేస్తే దాని పొడవు 300 కిలోమీటర్లు, దానికి అద్దం ఖండమంత కావాలి. లెక్కలో తప్పు లేదు. నెమ్మదైన మాటని వేగమైన తరంగం వీపు మీద ఎక్కించి పంపి, అవతల దించుకోవచ్చన్న ఉపాయం మాత్రం ఇంకా రాలేదు. ఆ ఎక్కించడం మాడ్యులేషన్, దించడం డీమాడ్యులేషన్. రెండు పేర్ల ముక్కలూ అతికితే మోడెమ్.

మోడెమ్ ఎంపికలో సూత్రం ఇక్కడే ఉంది. ఏ దారిలో సిగ్నల్ వస్తుందో ఆ దారికి తగినదే ఎక్కించి దించగలదు. రాగి ఫోన్ లైనుకి డీఎస్ఎల్ మోడెమ్, కేబుల్ టీవీ తీగకి కేబుల్ మోడెమ్. ఫైబర్ అయితే వెలుగుని కరెంటుగా మార్చే ఓఎన్‌టీ డబ్బా, దాన్ని మామూలుగా కంపెనీయే ఇస్తుంది. ఫైబర్ ఉన్న ఇంటికి చవగ్గా దొరికిందని డీఎస్ఎల్ మోడెమ్ రౌటర్ తెచ్చుకుంటే అందులో మోడెమ్ భాగం దండగ. మన చేతిలో ఉన్న ఎంపిక రౌటర్ ఒక్కటే.

1889లో హెర్ట్జ్ బాన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. పేరొచ్చింది. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. 1892లో జబ్బు మొదలైంది. పంటి నొప్పి, ముక్కు, చెవి, ఒకదాని తర్వాత ఒకటిగా ఆపరేషన్లు. నొప్పి మధ్యలోనే యాంత్రికశాస్త్రం మీద పుస్తకం రాశాడు, అది అచ్చులో చూసుకోలేదు. 1894 జనవరి 1న పోయాడు. వయసు ముప్ఫై ఆరు. తన తరంగాలతో ఒక్క కబురైనా ఎవరూ పంపకముందే పోయాడు.

అదే ఏడు ఇటలీలో ఇరవై ఏళ్ళ మార్కోని ఆయన మీద వచ్చిన సంస్మరణ వ్యాసం చదివి పని మొదలుపెట్టాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ అవే తరంగాల్ని 5 మిల్లీమీటర్ల దాకా కుదించాడు. 1930లో హెర్ట్జ్ పేరు కొలమానమైంది. అదే దశాబ్దంలో నాజీలు తండ్రి వైపు మూలాలు తవ్వి, హాంబర్గ్ నగర భవనంలో ఉన్న ఆయన చిత్రపటం తీసేశారు. చిన్న కూతురు మాటిల్డే జీవశాస్త్రవేత్త, బోధించే హక్కు లాగేసుకున్నారు. తల్లీ కూతుళ్ళు దేశం వదిలి ఇంగ్లండ్ చేరారు. పటం పోయింది గానీ ప్రతి రేడియో మీదా ఉన్న పేరు మాత్రం చెరపలేకపోయారు.

ఇక రౌటర్ కొనబోయేవాళ్ళకి నా మాట. ముందు ఇల్లు చూడండి. గోడలెన్ని, ఇనుము ఎక్కడుంది, ఎక్కువగా కూర్చునే చోటేది, ఫైబర్ తీగ ఎక్కడిదాకా వస్తుంది? గోడలు దాటడానికి 2.4, ఒకే గదిలో వేగానికి 5, కాబట్టి రెండూ ఉన్న రౌటర్ తీసుకోండి. దాన్ని ఇంటి మధ్యలో, తల ఎత్తుకి కొంచెం పైన, లోహానికి దూరంగా పెట్టండి. మేడ ఉంటే శ్లాబు దాటించడానికి ఖరీదైన రౌటర్ కొనే బదులు, ఒక లాన్ కేబుల్ పైకి లాగి అక్కడ రెండోది పెట్టుకోండి. బిగించే ముందు ఫోన్ పట్టుకుని గదిగదికీ ఒకసారి నడవండి. వలయం పట్టుకుని హెర్ట్జ్ హాలంతా తిరిగింది అందుకే.