గొంతు పోయాక కూడా

మహానంది కోనేరు చూసినవాళ్లకి తెలుసు, అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేటగా ఉంటాయి ఆ నీళ్లు. ఇందులో రహస్యమేం లేదు. ఊట లోపలికి వస్తూనే ఉంటుంది, వచ్చినంతా బయటికి పోయి చుట్టూ ఉన్న పొలాలను తడుపుతుంది. పోయే దారి మూసేస్తే నాలుగు రోజుల్లో పాచి పడుతుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి జీవితం చదివితే మనసు సంగతీ ఇంతేననిపిస్తుంది.

ఆయన 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. తండ్రి, పెదనాన్న ఇద్దరూ పండితులే. 1918లో డిగ్రీ పూర్తిచేసి టీచరయ్యారు. 1920లో ఒంట్లో బాగోలేక, వైద్యం కోసం రైల్లో బళ్లారి బయల్దేరారు. కోస్తా నుంచి అటు వెళ్లే పాత మీటరుగేజీ లైను నల్లమల అడవిని చీల్చుకుంటూ, గిద్దలూరు, గాజులపల్లె మీదుగా మన నంద్యాల చేరేది. ఆ ప్రయాణంలో చూసిన ప్రకృతే ఆయన చేత 'కృష్ణపక్షం' రాయించిందని చెబుతారు. డాక్టరు దగ్గరికి వెళుతున్న రోగికి దారిలోనే ఇంకో మందు దొరికిందన్నమాట!

కోలుకున్నారనుకునేలోపే 1922లో భార్య పోయారు. ఆ దుఃఖాన్ని ఆయన దాచుకోలేదు, రాశారు. 1925లో 'కృష్ణపక్షం' అచ్చయింది. ఎప్పుడూ ఏడుపేనా అని వెక్కిరించినవాళ్లూ, పేరడీలు కట్టినవాళ్లూ ఉన్నారు. ఆయన మాత్రం ఆ పుస్తకంలోనే ఆగిపోలేదు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. కొడుకు బుజ్జాయి పెద్ద కార్టూనిస్టు అయ్యారు. కడప జిల్లా వాడైన బి.ఎన్.రెడ్డి పిలిస్తే 1951లో 'మల్లీశ్వరి'కి పాటలు రాశారు. రేడియోలోనూ పనిచేశారు.

బాధని రాస్తే బాధ పెరగదా అని మనకి డౌటు రావచ్చు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు మనలాంటి కాలేజీ స్టూడెంట్స్ చేతే రోజుకి 15 నిమిషాల చొప్పున 4 రోజులు తమ గాయాల గురించి రాయించారు. రాసిన రోజు నిజంగానే దిగులు పెరిగింది, బీపీ కూడా కాస్త పెరిగింది. కానీ జరిగిన సంగతి, దాని మీద తమ బాధ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గింది. అంటే మనసులోది కాగితం మీదికి దిగితే ఒంటికీ కాస్త తెరిపి అన్నమాట.

అసలు పరీక్ష 1963లో వచ్చింది. గొంతు క్యాన్సర్. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, స్వరం పోయింది. సభల్లో ఆయన మాట వినడానికే జనం వచ్చేవారు. అలాంటి మనిషికి అరవై ఆరో ఏట మాట లేదు! ఏం చెప్పాలన్నా ఇక కాగితం, పెన్నే.

ఆ పెన్నుతో ఇంట్లో వాళ్లతో మాట్లాడారు. దాంతోనే పాటలూ రాశారు. 1968లో వచ్చిన 'ఉండమ్మా బొట్టు పెడతా'లో పాట రాసేనాటికి ఆయన అది తన గొంతుతో పాడి వినిపించలేరు. అయినా రాశారు, వేరేవాళ్లు పాడారు. 1976లో పద్మభూషణ్, 1978లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాయి. 1980 ఫిబ్రవరి 24న వెళ్లిపోయారు. రెండేళ్లకి 'మేఘసందేశం' సినిమాలో, ఆ 'కృష్ణపక్షం' నాటి పాట ఊరూరా మోగింది.

ఒక మాట మర్చిపోకూడదు. క్యాన్సర్‌ని తగ్గించింది కవిత్వం కాదు, ఆపరేషన్. కళ మందుకి బదులు కాదు. మందు ఆయన్ని బతికించింది, బతికినన్నాళ్లూ మనిషిగా నిలబెట్టింది మాత్రం ఆ పెన్ను.

మన హాస్టళ్లలో గొంతు బాగానే ఉన్నా మాట బయటికి రానివాళ్లు చాలామందే ఉన్నారు. బ్యాక్‌లాగ్స్, ఇంటి అప్పులు, పోయిన మనుషులు, అన్నీ లోపలే. పక్క మంచం ఫ్రెండ్ అలా ఉంటే ముందు వాడి పక్కన కూర్చోండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. తర్వాత ఒక నోట్‌బుక్కో, రంగుల డబ్బానో చేతికివ్వండి. బాగా రాయాలనీ, అందంగా గీయాలనీ ఏం లేదు. నీళ్లు పోయే దారి తెరుచుకుంటే చాలు.