జోడెఘాట్ వీరుడు కొమురం భీం: పన్నెండు గూడేల భూమి తగాదా

మా బెల్లంపల్లిలో బాయి దిగే కార్మికుణ్ణి అడిగినా, తిర్యాణి నుంచి కైకిలికి వచ్చే కూలీని అడిగినా కొమురం భీం పేరు తెలియదనరు. పక్క జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆడ గ్రామం దగ్గర పెద్దవాగు మీద కట్టిన ప్రాజెక్టుకూ ఆయన పేరే. 2022లో సినిమాకూ ఎక్కించారు గానీ అందులో చూపిన కథంతా కల్పన, మన భీంతో దానికి సంబంధం లేదు. పేరు ఇంత మోగుతున్నా, ఆయన దేనికోసం కొట్లాడాడని అడిగితే నీళ్లు, అడవి, భూమి అని మూడు మాటలు చెప్పి ఊరుకుంటాం. ఆ భూమి ఏ భూమి? ఎవరు దున్నారు, ఎవరి పేర కాయితం పుట్టింది? ఈ లెక్క తేలనిదే భీం కథ సగమే తెలిసినట్టు.

నైజాం సర్కారులో గోండులు, కొలాములు దున్నుకునే భూమిలో చాలాభాగం శివాయి జమా కింద ఉండేది. అంటే పట్టా లేదు. దున్నినవాడు శిస్తు కట్టాలి, రసీదు ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. సర్కారుకు పనిబడినప్పుడు లేచిపొమ్మంటే లేచిపోవాలి. పైగా గుట్టల మీది నేల తేలిక నేల. రెండు మూడేండ్లు పంట తీసి కొన్నేండ్లు బీడు పెడితేనే మళ్లీ కాపు కాస్తుంది. గోండు రైతు ఇది తాతల నాటి నుంచి ఎరిగిన సేద్యం. సర్కారు లెక్కలో మాత్రం బీడు పెట్టిన నేల ఎవరిదీ కాదు. 1920, 30లలో జంగ్లాతోళ్లు అడవికి హద్దురాళ్లు పాతుకుంటూ వచ్చినప్పుడు ఆ ఏడు నాగలి తిరిగిన చెలక ఒక్కటే రైతుదని, పక్కనున్న బీడంతా రక్షిత అడవి అని రాసుకున్నారు. రెండేండ్ల తర్వాత ఆ బీడు దున్నబోయిన రైతు తన పొలంలోనే దొంగ అయ్యాడు.

ఇంకో పక్క నుంచి పట్టాదార్లు దిగారు. 1920ల చివర కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పడింది. అదే కాలంలో మా బెల్లంపల్లిలో బొగ్గు బాయిలు తెరిచారు. 1938లో సిర్పూరు కాగితపు మిల్లు కంపెనీ పుట్టింది. బొగ్గుకూ, కలపకూ, వెదురుకూ గిరాకి వచ్చిందంటే ఆ నేలకూ గిరాకి వచ్చిందన్నమాటే. పట్వారీ, గిర్దావర్లను మంచి చేసుకున్న సావుకార్లు, దేశ్‌ముఖులు, ఉద్యోగుల బంధువులు గూడేల భూములకు తమ పేర పట్టాలు చేయించుకున్నారు. సర్కారు బాస ఉర్దూ, గోండుకు చదువు లేదు. పహాణీలో తన పేరు ఉందో లేదో చూసుకునే దారి కూడా లేదు. ఆడంగా దున్నిన భూమిలో పాలేరుగా మిగిలినవాళ్లు ఎందరో.

ఈ నేల మీదే భీం పుట్టాడు. 1901లో, ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో అని చెబుతారు. తండ్రి చిన్ను. జంగ్లాతోళ్లతో తగాదాలోనే ఆయన ప్రాణం పోయిందని గోండుల నోట వినిపించే మాట. దిక్కులేని కుటుంబం కెరమెరి వైపు సుర్దాపూర్ చేరి, చెట్టూ పుట్టా కొట్టి చెలక చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖ్ అనే పట్టాదారు వచ్చి భూమి తనదన్నాడు. కాయితం ఆయన దగ్గరుంది, కష్టం వీళ్లది. ఆ గొడవలో భీం కొట్టిన దెబ్బకు సిద్దిఖ్ చచ్చిపోయాడు. కుర్రవాడు ఊరు విడిచి పారిపోయాడు. మన పల్లెల్లో ఇలాంటి కథలు చాలావరకు ఇక్కడితోనే ముగుస్తాయి, పారిపోయినవాడు జైల్లోనో పరాయి ఊళ్లోనో అంతమైపోతాడు. భీం కథ అక్కడే మొదలైంది.

బల్లార్షా దాటి చాందా చేరాడు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం నడిపేవాడు, తెల్లదొరలకు వ్యతిరేకంగా కరపత్రాలు వేసేవాడు. ఆయన కొలువులో భీం అక్షరాలు నేర్చుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకుపోయాక అస్సాం తేయాకు తోటలకు కూలీగా పోయాడు. నాలుగేండ్లకు పైనే ఉన్నాడంటారు. ఆ తోటలు నాడు ఎట్లాంటివో చదివినవాళ్లకు తెలుసు. అడ్వాన్సు ఇచ్చి తోలుకుపోవడం, లైన్లలో పెట్టి కాపలా కాయడం, పారిపోతే పట్టి తేవడం. కూలీల గొడవల్లో తలదూర్చి జైలు చూసి, తప్పించుకుని మన వైపు వచ్చాడు.

వచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనిలో కుదిరాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తుపాకి పట్టిన భీంనే మనం గుర్తు పెట్టుకున్నాం గానీ, చుట్టుపక్కల ఆయన పేరు ముందుగా పాకింది కోర్టు కాయితాల వల్ల. లచ్చు పటేల్‌కు ఆసిఫాబాద్ కచేరీలో ఒక భూమి దావా ఉంటే భీం దగ్గరుండి నడిపించాడు. అక్షరం వచ్చిన గోండు, అమీను ముందు నిలబడి మాట్లాడే గోండు! తగాదాలున్న గూడేలవాళ్లంతా ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చారు. అక్కడే సోంబాయిని పెండ్లాడాడు. మొదట చేతనైనంత వరకు చట్టం మెట్లే ఎక్కాడు. ఆ మెట్లు ఎక్కడికీ పోవని తేలాకే వేరే దారి పట్టాడు.

బాబెఝరి, జోడెఘాట్, పట్నాపూర్, శివగూడ మొదలైన పన్నెండు గూడేలు. గోండులూ కొలాములూ కలిసి అడవి నరికి చెలకలు చేసుకున్నారు. జంగ్లాతోళ్లు వచ్చి గుడిసెలు తగలబెట్టారు. మళ్లీ వేసుకుంటే మళ్లీ తగలబెట్టారు. పశువులు మేపితే పన్ను, కట్టె తెస్తే పన్ను, నాగలికి పన్ను. అన్నీ కట్టినా, మీది కట్టినా ఉండనిచ్చే భరోసా లేదు. అర్జీలు పెట్టుకున్నారు. నవాబుకే చెప్పుకుందామని భీం పట్నం దాకా పోయాడు, దర్శనం దొరకలేదు. తిరిగొచ్చి పన్నెండు గూడేల పంచాయితీ పెట్టాడు. కొలాం సహచరుడు కుమ్రం సూరు లాంటివాళ్లు కుడిభుజమయ్యారు. ఇక పట్టీలు కట్టేది లేదన్నారు, జంగ్లాతోళ్లను గూడెంలోకి రానిచ్చేది లేదన్నారు. బర్మార్లు, గొడ్డళ్లు, విల్లంబులు సమకూర్చుకున్నారు.

మన కూలి సంఘాల్లో పనిచేసేవాళ్లు ఈ తర్వాతి ఘట్టాన్ని ఒకటికి రెండుసార్లు తలుచుకోవాలి. సర్కారు వెంటనే తుపాకులు తేలేదు. ముందు అధికారిని రాజీకి పంపింది. సాగులో ఉన్న భూములకు పట్టాలిస్తాం, అప్పులు మాఫీ చేస్తాం, గొడవ మానుకోండి అన్నది ఆ రాజీ సారాంశం. చిన్న మాట కాదు. తరాలుగా కాయితం లేక చెడినవాళ్లకు కాయితమే చేతికిస్తామంటున్నారు. భీం ఒప్పుకోలేదు. పట్టా ఒక్కొక్క మనిషికి వస్తుంది. బీడు, వాగు, పశువుల మేత, కట్టె, ఇప్పపువ్వు, రేపు పుట్టబోయే పిల్లల చెలక ఇవేవీ పట్టాలో పట్టవు. పన్నెండు గూడేల మీద అధికారం గూడేలదే కావాలని పట్టుబట్టాడు.

ఇది మొండితనమని, దొరికింది పుచ్చుకుంటే ప్రాణాలు నిలిచేవని అనేవాళ్లు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం, పోయిన ప్రాణాలు చిన్నవి కావు. కానీ పట్టాలు పుచ్చుకున్నవాళ్లకు తర్వాత ఏం జరిగిందో చూస్తే భీం లెక్క తప్పలేదని మాకు తోస్తుంది.

1940లో, సొంతవాళ్లలోనే ఒకడు దారి చూపగా పోలీసు బలగం జోడెఘాట్ గుట్ట ఎక్కింది. భీం, ఆయనతోపాటు పదిమందికి పైగా తుపాకి గుండ్లకు కూలిపోయారు. శవాలను అక్కడే కాల్చేశారు. గోండులు ఆయన వర్ధంతిని నెల తేదీలతో కాక ఆశ్వయుజ పున్నమినాడు జరుపుకుంటారు.

కాల్చినాక సర్కారుకు కారణం తెలుసుకోవాలనిపించింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి నియమించింది. ఆయన మార్లవాయిలో కాపురముండి, గోండు భాష నేర్చుకుని, తిరుగుబాటుకు మూలం భూమి గుంజుకోవడమేనని నివేదిక ఇచ్చాడు. దాని ఫలితంగా 1940లలో జిల్లా గిరిజనులకు లావోణి పట్టాలు ఇచ్చారు. సుమారు లక్షా 60 వేల ఎకరాలు, 11 వేల మందికి పైగా రైతులు. భీంకు బతికుండగా చూపిన ఎర ఆయన చచ్చాక నిజంగానే వచ్చింది. అదే హైమన్‌డార్ఫ్ 1970లలో తిరిగి వచ్చి చూస్తే ఆ పట్టాలు చాలావరకు సావుకార్ల చేతుల్లో ఉన్నాయి. అప్పు కింద పోయినవి కొన్ని, సారా కింద పోయినవి కొన్ని, మాయమాటతో వేలిముద్ర వేయించుకున్నవి కొన్ని. ఒంటరి మనిషి చేతిలో ఒంటరి కాయితం ఎంతకాలం నిలుస్తుంది?

చట్టాలు లేక కాదు. 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణకూ వర్తించింది. 1970 సవరణతో, మనం 1/70 అని పిలిచేది, ఏజెన్సీలో గిరిజనేతరుడి పేర భూమి బదిలీ చెల్లదన్నారు. ఆ భూమి మొదట గిరిజనుడిదేనని అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. ఇంతకంటే గట్టి చట్టం దేశంలో తక్కువ. అమలు ఎట్లా ఉందో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తేలింది. భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్చారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క, అంతకు ఎన్నో రెట్లని జనం లెక్క. ఇక్కడొక మాట చెప్పాలి. ఏజెన్సీలో ఉన్న గిరిజనేతరులంతా సావుకార్లు కారు. బతుకుదెరువుకు వచ్చి రెండెకరాలు చేసుకునే మాదిగ, మాల కూలీలూ ఉన్నారు. వీళ్లను గోండుల మీదికి ఉసిగొల్పి మధ్యలో చట్టాన్నే ఎత్తేయించాలని చూసేది పెద్ద భూములవాళ్లే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు హక్కుపత్రం ఇవ్వాలి. సగంమంది మరిచిపోయే సంగతి, అందులో సామూహిక హక్కు కూడా ఉంది. మేతకూ, వాగుకూ, అటవీ ఫలసాయానికీ, అడవిని కాపాడుకునేందుకూ ఊరంతటికీ కలిపి హక్కు, దానికి గ్రామసభ తీర్మానం. భీం పన్నెండు గూడేలకు అడిగినదానికి చట్టంలో దీనికంటే దగ్గరి మాట లేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తానికి లక్షా 51 వేల మందికి, 4 లక్షల 6 వేల ఎకరాలని ప్రకటించారు. ఇచ్చినవి మళ్లీ ఒక్కొక్కరి పేర ఇచ్చిన పట్టాలే. సామూహిక హక్కు గురించి పెద్దగా మాటే లేదు.

బొగ్గు నేల సంగతి వేరే చెప్పాలా? మా బెల్లంపల్లిలో పాత బాయిలు ఒక్కటొక్కటిగా మూతబడి, బొగ్గు పని రెబ్బెన, తిర్యాణి వైపు ఓపెన్‌కాస్టులకు మళ్లింది. భూగర్భ గని సొరంగం తవ్వుతుంది, ఓపెన్‌కాస్టు పొలాన్నే ఎత్తి పక్కన పోస్తుంది. భూమి తీసుకునేటప్పుడు మొదట అడిగేది కాయితమే. పట్టా ఉన్నవాడికి పరిహారం లెక్క ఉంటుంది. శివాయి జమా వారసుడు, హక్కుపత్రం రాని పోడు రైతు తన చెలక తనదని అక్కడ మళ్లీ మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. అటువంటి గూడేల్లో పనిచేసే కార్యకర్తలు చేయాల్సిన మొదటి పని పాత శిస్తు రసీదులు, పహాణీ నకళ్లు, జంగ్లాతోళ్లు వేసిన జరిమానా చీటీలు దాచిపెట్టించడం. జరిమానా చీటీ కూడా ఆ ఏడు ఆ రైతు ఆ నేలలో ఉన్నాడనేదానికి సాక్ష్యమే, సర్కారు తన చేత్తో రాసిచ్చిన సాక్ష్యం.

జోడెఘాట్‌లో ఇప్పుడు భీం విగ్రహం, మ్యూజియం ఉన్నాయి. ఏటా ఆశ్వయుజ పున్నమికి అక్కడ దర్బారు పెడతారు, అధికారులు, నాయకులు వస్తారు. ఆ దర్బారులో అర్జీ పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లలో భూమి కాయితం అందని పోడు రైతులు ఉంటూనే ఉన్నారు.