సర్ విలియం జోన్సు – నిక్షేపధర్మ విచారము

శాకుంతలమును ఆంగ్లీకరించిన అనువాదకుడుగను, సంస్కృత గ్రీకు లాటిను భాషలకు ఏకమూలము నూహించిన భాషావేత్తగను సర్ విలియం జోన్సు సంస్కృతజ్ఞుల కెల్లరకును సుపరిచితుడు. కాని వృత్తిచే నాతడు తొలుత న్యాయవాది, పిదప న్యాయమూర్తి. సంస్కృతాక్షరములు నేర్వక మునుపే వ్యవహారధర్మమున భారతీయులకును రోమకులకును గల సామ్యమును గ్రంథముఖమున ప్రకటించినవాడు. అతని చరిత్రలో ఈ భాగము మన విద్యాలయములలో అంతగా ప్రస్తావనకు రాలేదు.

జోన్సు 1746 సెప్టెంబరు 28వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి వేల్సుదేశీయుడగు గణితవేత్త. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తికి ‘పై’ అను గ్రీకు వర్ణమును 1706లో సంకేతముగా వాడినవాడు ఆయనయే. మూడేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా బాలుడు తల్లి శిక్షణలో పెరిగి, హారో పాఠశాలయందును ఆక్సుఫర్డునందును చదివెను. అరబ్బీ, పారసీక భాషలను సాధించి 1771లో పారసీక వ్యాకరణమును ప్రకటించెను. ఆ పాండిత్యము కీర్తినిచ్చెనే కాని జీవిక నీయలేదు. అందుచే న్యాయశాస్త్రము నభ్యసించి 1774లో న్యాయవాదిగా చేరెను. 1779లో ఏథెన్సు వక్తయగు ఇసియసుని దాయవిభాగ ప్రసంగములను ఆంగ్లీకరించెను. పరదేశ ధర్మములతో స్వదేశ ధర్మమును పోల్చి చూచు అభ్యాస మప్పటికే అతనియందు స్థిరపడినది.

ఆ అభ్యాసమునకు ఫలము 1781లో వెలువడిన చిన్న పొత్తము. దాని విషయము ఆంగ్లన్యాయమున బెయిల్‌మెంటు అనబడు వ్యవహారము. ఒకని వస్తువు ఒక ప్రయోజనమునకై మఱియొకని చేతికి వచ్చి, అది తీరిన పిదప తిరిగి చేరవలసియుండుట దీని లక్షణము. దాచుమని యిచ్చిన సొమ్ము, ఎరువు తెచ్చుకొన్న గుఱ్ఱము, కుదువబెట్టిన నగ, అద్దెకు తీసికొన్న బండి, ఇవి యన్నియు ఇందు చేరును. వస్తువు నష్టమైనచో ఆ నష్టము నెవడు భరింపవలయు నన్నదే ప్రశ్న. దాచుటకు పుచ్చుకొన్న సొమ్ము దొంగలపాలైనను దాచినవాడే ఇచ్చుకొనవలెనని 1601లో సౌత్‌కోటు వ్యాజ్యమున ఆంగ్ల న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1703లో కాగ్సు, బెర్నార్డుల వ్యాజ్యమున హోల్టు న్యాయాధిపతి ఆ కాఠిన్యమును త్రోసిపుచ్చి, రోమకన్యాయము ననుసరించి ఆరు విభాగములు చేసెను. జోన్సు వానిని అయిదుగా సవరించి, అన్నిటికిని లాభమను ఒకే కొలబద్దను చూపెను. లాభము ఇచ్చినవానిదే యైనచో పుచ్చుకొన్నవాడు ఘోరప్రమాదమునకు మాత్రమే బాధ్యుడు. లాభ మిరువురిదైనచో సామాన్యప్రమాదమునకును, పుచ్చుకొన్నవానిదే యైనచో స్వల్పప్రమాదమునకును బాధ్యుడు.

ఈ నియమము దేశవిశేషమునకు లోబడినది కాదని స్థాపించుటకు అతడు రోమకులనే కాక ఇతరజాతుల ధర్మములను గూడ ఉదాహరించెను. భారతీయధర్మమునకు ఆధారము 1776లో హాల్హెడు ప్రకటించిన హిందూధర్మసంహిత. అదియు పండితుల సంస్కృతసంకలనమునకు పారసీకానువాదము, దానికి ఆంగ్లానువాదము. అట్లు రెండు తెరల వెనుకనుండి చూచియు, దాయము, దండము, ఆచారము వేఱైనను పరస్పర వ్యవహారమున పండితుల పొత్తమును రోమకుల సంహితయు మిక్కిలి సన్నిహితములని జోన్సు నిర్ణయించెను.

మూలగ్రంథములను చూచినచో ఈ నిర్ణయము కొంతవఱకే సరి. రాజు, దైవము, చోరులు హరించిన నిక్షేపమును దాచినవాడు ఇచ్చుకొన నక్కఱలేదని యాజ్ఞవల్క్యుని మతము. అడిగినపుడు ఈయక పిదప నష్టపఱచినచో వెలయు, దానితో సమమగు దండమును చెల్లింపవలెను. ఇంతవఱకు సామ్యము స్పష్టము. అయితే యాచితము, అన్వాహితము, న్యాసము మొదలగువానికిని యాజ్ఞవల్క్యుడు ఈ విధినే అతిదేశించెను. ఎరువు సొత్తునకొక ధర్మము, ఉచితముగ దాచిన సొత్తునకొక ధర్మము అని లాభమునుబట్టి భేదము చెప్పలేదు. భక్షించినవాడు వృద్ధితోను, ఉపేక్షించినవాడు సమముగను, అజ్ఞానముచే నశింపజేసినవాడు కొంచెము తక్కువగను ఈయవలెనని స్మృత్యంతరమున తారతమ్యము కలదు. అది దోషమునుబట్టి చేసిన విభాగమే కాని లాభమునుబట్టి చేసినది కాదు. జోన్సు త్రివిధవిభాగమునకును దీనికిని పోలిక సంఖ్యయందు మాత్రమే.

1783లో సర్ బిరుదము పొంది, జోన్సు కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తియై వచ్చెను. హిందువుల దాయవ్యవహారములే కాక క్రయవిక్రయాది సమయములు గూడ హిందూధర్మము ననుసరించియే నిర్ణయింపవలెనని 1781నాటి పార్లమెంటు శాసనము విధించియుండెను. కావున వర్తకుని సొమ్ము ఎవనికి చెందునో తేలుట న్యాయస్థాన పండితుని వ్యవస్థపై ఆధారపడినది. ఆ వ్యవస్థ సరియైనదో కాదో తెలిసికొను శక్తి తనకు లేకపోవుట జోన్సును కలతపెట్టెను. పండితులయెడ అతనికి అవిశ్వాసమును కలదు. 1785లో అతడు రామలోచనుడను వైద్యకులజుని యొద్ద సంస్కృతము నారంభించుటకు ముఖ్యకారణ మిదియే. జస్టినియను సంహిత మాదిరిగా ధర్మసంగ్రహము కావలెనని 1788లో కారన్‌వాలీసునకు విన్నవించెను. త్రివేణీవాసియగు జగన్నాథ తర్కపంచాననుడు వివాదభంగార్ణవమును కూర్చెను. దాని ఆంగ్లీకరణము జోన్సు తలపెట్టెను గాని, 1794లో మనుస్మృత్యనువాదము వెలువడిన యేడే, ఏప్రిల్ 27న, నలువదియేడేండ్ల వయస్సున మరణించెను. కోల్‌బ్రూకు ఆ కార్యమును పూర్తిచేయగా 1798లో గ్రంథము ప్రకటితమైనది.

జోన్సు కోరినది స్థిరమైన శాసనసంపుటి. జగన్నాథుడు ఇచ్చినది పూర్వపక్షసిద్ధాంతములతో నడచు నిబంధగ్రంథము. పరస్పరవిరుద్ధ మతములు ఒకచో కలిసియున్నవని కోల్‌బ్రూకే ఆక్షేపించెను. శాస్త్రమునందు విచారము లోపము కాదని పండితుడెఱుగును. న్యాయస్థానమునకు కావలసినది మాత్రము నిశ్చయము. ఈ విరోధము గ్రంథముతో తీరలేదు. 1864లో న్యాయస్థాన పండితపదవులే రద్దయినవి. 1872 కాంట్రాక్టు చట్టముతో సమయవ్యవహారములందు స్మృతుల ప్రాబల్యము చాలవఱకు ముగిసినది.

ఆ చట్టపు 151వ విభాగమున జోన్సు త్రివిధవిభాగమునకు గూడ స్థానము దొరకలేదు. అమెరికాలో స్టోరీ న్యాయమూర్తి 1832 నాటి గ్రంథమున ఆ విభాగమును ఆదరించినను, భారతచట్టము మాత్రము వివేకియగు సామాన్యుడు తన వస్తువుపట్ల చూపు శ్రద్ధనే సర్వత్ర ప్రమాణముగా గ్రహించినది. ఎరువునకును దాపునకును ఒకే విధి యన్న యాజ్ఞవల్క్యుని అతిదేశమునకు ఇది రూపమున సన్నిహితము. చట్టకర్తలు స్మృతినుండి గ్రహించిరని చెప్పరాదు. రెండు ధర్మములు ఒకటే యన్న నిర్ణయముకంటె, అవి యెచట కలియునో యెచట విడివడునో పరిశీలించు మార్గమును చూపుటయే జోన్సు చేసిన మేలు. ఆ పరిశీలనము మూలగ్రంథములతో నిత్యపరిచయము గలవారికే సాధ్యమగును.