కొలిమిలో వజ్రాన్ని వెతికిన హెన్రీ మోయిసాన్

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాల సానకు పేరొందిన ప్రాంతం. నేడు సూరత్‌లో సానపట్టే వజ్రాలన్నీ గనుల నుంచి వచ్చినవి కావు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను విద్యుత్ శక్తితో ప్లాస్మాగా మార్చి, పొర మీద పొరగా పెంచినవీ ఉన్నాయి. వేడితో, విద్యుత్తుతో వజ్రం చేయాలని 19వ శతాబ్దంలోనే కొలిమి వెలిగించిన వారు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ మోయిసాన్.

ఆయన 1852 సెప్టెంబరు 28న పారిస్‌లో ఒక రైల్వే ఉద్యోగి ఇంట జన్మించారు. తల్లి కుట్టుపని చేసేవారు. ఉన్నత విద్యకు అవసరమైన ధ్రువపత్రం లేకుండానే 1870లో బడి విడిచి, మందుల దుకాణంలో పనికి కుదిరారు. రసాయన శాస్త్రంలోకి ఆయన నడిచి వచ్చిన దారి అదే.

అప్పటికి ఫ్లోరిన్‌ను వేరు చేయబోయిన పలువురు విషవాయువు బారిన పడి మంచాన పడ్డారు. కొందరు ప్రాణాలే కోల్పోయారు. మోయిసాన్ ప్లాటినం గొట్టంలో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను సున్నాకు 50 డిగ్రీల దిగువకు చల్లార్చి, అందులో విద్యుత్తు ప్రవహింపజేశారు. 1886 జూన్ 26న ఫ్లోరిన్ వెలువడింది. సిలికాన్ దాన్ని తాకగానే భగ్గుమంది. తీరా అకాడమీ సభ్యుల ఎదుట చేసి చూపితే ఏమీ రాలేదు. ఈసారి తెచ్చిన ఆమ్లం మరీ శుద్ధంగా ఉండటమే కారణం. శుద్ధమైన ఆ ద్రవం విద్యుత్తును దాదాపు పోనివ్వదు. పొటాషియం లవణం కలపగానే ప్రయోగం ఫలించింది.

1892లో ఆయన రూపొందించిన విద్యుత్ కొలిమి 3,500 డిగ్రీల వేడిని అందుకుంది. సున్నం, బొగ్గు అందులో కాల్షియం కార్బైడ్‌గా మారాయి. గ్యాస్ వెల్డింగ్‌కు వాడే కార్బైడ్ అదే. నిషేధమున్నా మామిడికాయలను మగ్గబెట్టే కార్బైడూ అదే.

వజ్రం కోసం చక్కెర బొగ్గును కరిగిన ఇనుములో కలిపి, ఆ ముద్దను ఒక్కసారిగా చల్లబరిచారు. పైపెంకు ముందు గట్టిపడితే లోపల ఒత్తిడి పుడుతుందన్నది ఆయన ఊహ. ఇనుమును ఆమ్లంలో కరిగించాక మిల్లీమీటరైనా లేని రేణువులు మిగిలాయి. అవి వజ్రాలేనని 1893లో ప్రకటించారు. తరువాతి వారికి అవి చిక్కలేదు. కార్బన్‌కు లోహాన్ని ద్రావణిగా ఎంచుకోవడం సరైనదే. అధిక పీడన పద్ధతిలో నేటికీ ఇనుము, నికెల్, కోబాల్ట్ వాడుతున్నారు. కొరవడింది ఒత్తిడి. కృష్ణా తీరపు గోల్కొండ వజ్రాలు సైతం నేలకు 150 కిలోమీటర్లకు దిగువన, వాయుపీడనానికి వేల రెట్ల ఒత్తిడిలో పుట్టినవే. అంతటి ఒత్తిడిని యంత్రంలో సాధించి వజ్రం చేయడం 1950ల వరకు సాధ్యపడలేదు.

1906లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఫ్లోరిన్‌కు, విద్యుత్ కొలిమికి దక్కిన గౌరవమది. ఆ ఏడాది గట్టిగా పోటీపడిన మెండలీవ్ 1907 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. అదే నెల 20న అపెండిసైటిస్‌తో మోయిసాన్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లు. ఏకైక కుమారుడు లూయీ 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగాడు.