తల్లి వెంట నడిచిన కూతురు

మా అత్తగారికి దీర్ఘకాలిక రక్తక్యాన్సర్ అని తేలి నాలుగేళ్లయింది. రోజూ మాత్ర వేసుకుంటారు, వంట చేస్తారు, నన్ను దెప్పుతారు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష కాగితం వచ్చిన రోజున మాత్రం ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. ఆ అంకెల సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తుంటే ఐరీన్ జోలియో క్యూరీ కనిపించింది. మేరీ క్యూరీ పెద్ద కూతురు. తల్లి పేరు తెలియనివాళ్లుండరు. కూతురి కథ చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1897లో పారిస్‌లో పుట్టింది. ఎనిమిదేళ్లకే తండ్రి గుర్రపుబండి కింద పడి పోయాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, మన పిల్లలు ఇంటర్ చదివే వయసులో, గాయపడ్డ సైనికులకు ఎక్స్‌రేలు తీయడానికి తల్లితో పాటు యుద్ధరంగానికి వెళ్లింది. తర్వాత ఒంటరిగానూ వెళ్లింది. కిరణాల నుంచి సరైన రక్షణ ఆ రోజుల్లో ఎక్కడిది?

1926లో ఫ్రెడరిక్ జోలియోను పెళ్లాడింది. 1934 మొదట్లో భార్యాభర్తలిద్దరూ అల్యూమినియం మీదికి పొలోనియం కిరణాలు పంపి, మామూలు లోహం నుంచి రేడియోధార్మిక పదార్థం పుట్టించారు. ఆ వింత మేరీ కళ్లారా చూసింది. ఆ ఏడాది జులైలోనే కన్నుమూసింది.

నన్ను పట్టేసింది ఆ చివరి రోజులే. క్షయ అనుకుని ఆమెను కొండల్లోని శానిటోరియానికి తీసుకెళ్లారు. అక్కడికి వచ్చిన జెనీవా డాక్టరు వరసగా చేసిన రక్తపరీక్షలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఎర్రకణాలూ తెల్లకణాలూ రెండూ గబగబా పడిపోతున్నాయి. జబ్బు ఊపిరితిత్తుల్లో కాదు, రక్తంలో ఉందని అప్పుడు తేలింది. ఎముకల్లోని మూలుగ కణాలు తయారుచేయడం మానేసింది.

ఐరీన్ మాత్రం పని మానలేదు. 1935లో దంపతులకు నోబెల్ వచ్చింది. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వంలో సహాయమంత్రి అయింది. విచిత్రమేమిటంటే అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్లకు ఓటే లేదు! సైన్స్ అకాడమీ కూడా ఆమెను ఎన్నడూ చేర్చుకోలేదు. ఇద్దరు పిల్లల్ని పెంచింది, ఇద్దరూ శాస్త్రవేత్తలయ్యారు. 1946లో ప్రయోగశాలలో పొలోనియం గొట్టం పగిలింది. 1956 మార్చిలో, 58వ ఏట, లుకేమియాతో పోయింది.

మా అత్తగారి జబ్బు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఇందులో మొదట తెల్లకణాలు విపరీతంగా పెరుగుతాయి. 2001 నుంచి మంచి మాత్రలు రావడంతో చాలామందికి ఏళ్ల తరబడి అదుపులో ఉంటోంది. అయితే పచ్చి కణాలు, అంటే బ్లాస్ట్‌లు ఎక్కువైనా, బేసోఫిల్స్ పెరిగినా, ప్లేట్‌లెట్లు లక్షకు దిగినా జబ్బు ముదురుతోందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. తెల్లకణాలు మళ్లీ అదుపు తప్పినా, ప్లీహం ఉబ్బినా అంతే. జ్వరం వచ్చినా తెల్లకణాలు పెరుగుతాయి, మాత్రల వల్ల కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందుకే ఒక్క కాగితం చూసి ఏమీ చెప్పలేరు. బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యుపరీక్షా కావాలి.

నేనేమో మొదటి ఏడాది రిపోర్టులన్నీ పాత పేపర్లతో కలిపి అమ్మేశాను! మేరీ కథ చదివాక ఒక ఫైలు కొన్నాను. అందులో ఇప్పుడు పదకొండు కాగితాలున్నాయి. చివరి మూడింటిలో ప్లేట్‌లెట్లు కొంచెం కొంచెం తగ్గాయి. పక్కపక్కన పెడితే గానీ నా కంట పడలేదు. గురువారం ఫైలు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళుతున్నాం. అత్తగారికి ఇంకా చెప్పలేదు.