పెళ్లికి కామెంటరీ చెప్పినాయన

మ్యాచ్‌కి కామెంటరీ తెలుసు. పెళ్లికి? భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి రేడియోలో లైవ్ కామెంటరీ చెప్పినాయన ఉషశ్రీ. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పుట్టింది అప్పటి మన పశ్చిమ గోదావరి కాకరపర్రులోనే. 1973లో విజయవాడ ఆకాశవాణికి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణం, భారతం చెబుతుంటే మా గణపవరంలో అన్నం ముందు కూర్చున్నవాళ్లు చెయ్యి కదపడం మర్చిపోయేవాళ్లట. నానమ్మ మాట ఇది, కొంచెం కలిపిందేమో!

కల్యాణం సంగతి వేరు. రేడియోలో బొమ్మ రాదు కదా. జీలకర్రా బెల్లం ఎప్పుడు పెట్టారో, ముత్యాల తలంబ్రాలు ఎప్పుడు పోశారో ఆయన చెబితేనే తెలిసేది. భద్రాచలం వెళ్లలేని నానమ్మ లాంటివాళ్లు ఆ గొంతుతోనే పెళ్లి చూసేశారు.

1990 సెప్టెంబరు 7న ఆయన పోయారు. మొన్న యూట్యూబ్‌లో ఆయన రామాయణం పెడితే నానమ్మ రెండో మాటకే గుర్తుపట్టింది. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, నాకు చాలా మాటలు అర్థం కాలేదు. పాజ్ చేసి ఆవిణ్ణి అడుగుతూ వింటున్నా. ఇంకా అయోధ్యలోనే ఉన్నాం.